సబ్బునురగ చర్మం దాటుతుందా? పరీక్షకు ఏ చర్మం ఎంచుకోవాలి?

నరసన్నపేట దగ్గర ఒక పొదుపు సంఘం ఆడవాళ్లు గిన్నెలు తోమే లిక్విడ్ తయారుచేసి సంతల్లో అమ్ముతారు. పోయిన వేసవిలో వాళ్లలో ఒకావిడ తన చేతులు చూపించి, "ఏటి మేడమ్, ఇది సర్మంలోంచి లోపలికెల్లిపోద్దా?" అని అడిగింది. వేళ్ల సందుల్లో చర్మం పగిలి ఎర్రగా ఉంది. నాతో వచ్చిన ఎం.ఫార్మసీ అబ్బాయి వెంటనే "ఫ్రాంజ్ సెల్ పెట్టి చూసేద్దాం మేడమ్" అన్నాడు. ఫ్రాంజ్ సెల్ అంటే, కింద ద్రవం ఉన్న చిన్న గాజు పాత్ర మీద చర్మం ముక్క బిగించి, పైన వేసినది కిందికి ఎంత దిగిందో చూసే పరికరం. ఆవిడ అడిగిన దానికీ ఇతను చెప్పిన దానికీ మధ్య తేల్చుకోవాల్సినవి చాలా ఉన్నాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ప్రాజెక్టు చేసే పిల్లలు, ఇంటి దగ్గర సబ్బులూ షాంపూలూ చేసి అమ్మేవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. ఏ చర్మం మీద పరీక్ష చేయాలి, దేంతో కొలవాలి, ఎక్కడ చేయించాలి అన్నది నాకు తెలిసినంతలో పోల్చి చెబుతాను.

ముందు ప్రశ్న తేల్చుకోండి

"చర్మంలోకి వెళ్తుందా" అనే ఒక్క మాటలో మూడు ప్రశ్నలున్నాయి. సర్ఫాక్టెంట్, అంటే నురగనిచ్చే రసాయనం, స్వయంగా చర్మం దాటి ఎంత లోపలికి పోతుందన్నది ఒకటి. అది తాను పోకపోయినా చర్మాన్ని వదులు చేసి వేరే రసాయనాలకు దారి ఇస్తుందా అన్నది రెండోది. చర్మాన్ని మండించి, పగలగొడుతుందా అన్నది మూడోది. ఆవిడ బాధ మూడోది. మావాడు చెప్పిన ఫ్రాంజ్ సెల్ మొదటిదానికి జవాబిస్తుంది, కొంచెం మార్చి పెడితే రెండోదానికీ ఇస్తుంది. మూడోదానికి మాత్రం అది పనికిరాదు.

చర్మం మంట తేల్చడానికి ఓఈసీడీ (ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ) ఇచ్చిన 439 నంబరు అనే వేరే పద్ధతి 2010 నుంచి ఉంది. ప్రయోగశాలలో పెంచిన మనిషి చర్మకణాల పొర మీద పదార్థం వేసి, కణాలు ఎన్ని బతికాయో చూస్తారు. మండించే పదార్థం ఎలా ఉంటుందో చూపడానికి ఆ పరీక్షలో పాజిటివ్ కంట్రోల్‌గా వాడేది 5 శాతం సోడియం లారిల్ సల్ఫేట్. మన షాంపూల్లో, గిన్నెల లిక్విడ్లలో ఉండే ఎస్‌ఎల్‌ఎస్ అదే. మీ ప్రశ్న మంట గురించి అయితే ఆ పరీక్షకే వెళ్లండి. కింద చెప్పేదంతా మొదటి రెండు ప్రశ్నల గురించి.

సర్ఫాక్టెంట్ విషయంలో చిక్కు ఎక్కడుంది

మన చర్మంలో అసలు కాపలా ఉండేది పైనున్న చచ్చిన కణాల పొర దగ్గర. దాని పేరు స్ట్రాటం కార్నియం. మందం 10 నుంచి 20 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక మందం కన్నా తక్కువ. కెరటిన్ అనే ప్రొటీన్ నిండిన చదును కణాలు ఇటుకల్లా పేర్చి ఉంటే, వాటి మధ్య సెరమైడ్లు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు సున్నంలా పట్టి ఉంటాయి. మామూలు మందు ఏదైనా ఈ గోడలో సందు వెతుక్కుని పోతుంది, గోడ మాత్రం అలాగే ఉంటుంది. సర్ఫాక్టెంట్ అలా కాదు. అది కెరటిన్‌ను పట్టుకుని ఉబ్బిస్తుంది, సున్నాన్ని కదిలిస్తుంది. అరగంట తర్వాత మీ పరీక్షలో ఉన్నది మొదట పెట్టిన చర్మం కాదు.

నా ఎంపికలన్నీ ఈ ఒక్క విషయం మీదే నిలబడతాయి. సర్ఫాక్టెంట్‌ను పరీక్షించాలంటే మన చర్మం ఎలా దెబ్బతింటుందో అలాగే దెబ్బతినగల పొర కావాలి. దెబ్బతినడానికి ఏమీ లేని పొర మీద ఎంత శ్రద్ధగా చేసినా వచ్చే అంకె వేరే ప్రశ్నకు జవాబు అవుతుంది.

ఏ చర్మం?

మన కాలేజీల్లో అన్నిటికన్నా ఎక్కువ కనిపించేది డయాలసిస్ పొర, దాని తర్వాత కోడిగుడ్డు లోపలి పొర. రెండూ చవక, రెండూ చేతికి దొరుకుతాయి. క్రీములోంచి మందు బయటికి వస్తోందా లేదా చూడడానికి డయాలసిస్ పొర చక్కగా పనికొస్తుంది. గుడ్డు పొర ప్రొటీన్ల వల, దానిలో సెరమైడ్ల సున్నం లేదు. ఈ రెండింటి మీద ఎస్‌ఎల్‌ఎస్ వేసి "చర్మం గుండా ఇంత శాతం పోయింది" అని థీసిస్‌లో రాయకండి. బయటి ఎగ్జామినర్ అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది, జవాబు ఉండదు.

స్ట్రాట్-ఎం లాంటి కృత్రిమ పొరలు వీటికన్నా ఒక మెట్టు పైన. మనిషి చర్మాన్ని పోలి మందులను వదిలేలా పొరలు పొరలుగా చేసి అమ్ముతారు. ప్రతి ముక్కా ఒకేలా ఉంటుంది, ఎథిక్స్ కమిటీతో పని లేదు, ఫ్రిజ్ కూడా అక్కర్లేదు. నాలుగు ఫార్ములాలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఏది ఎక్కువ వదులుతోందో వడకట్టడానికి నేనే తీసుకోమంటాను. కానీ అందులో ఉబ్బే కెరటిన్ లేదు. ఘాటైన ఎస్‌ఎల్‌ఎస్‌కూ మెత్తని సర్ఫాక్టెంట్ కోకామిడోప్రొపైల్ బీటైన్‌కూ మన చర్మం మీద కనబడే తేడా దాని మీద అలాగే కనబడుతుందని నమ్మకం పెట్టుకోలేం. సర్ఫాక్టెంట్ పనికి చివరి మాట దీని మీద చెప్పకూడదు.

పాము కుబుసం మీద పరీక్షలు చేసిన పరిశోధనలు కూడా ఉన్నాయి. నిజమైన స్ట్రాటం కార్నియం అందులో ఉంది, జంతువుకు నొప్పి లేదు. అయితే వెంట్రుకల కుదుళ్లు లేవు, పైగా మన పొలంగట్ల మీద తిరిగే పాములు వన్యప్రాణి చట్టం కిందికి వస్తాయి. ఊళ్లో దొరికిందని తెచ్చి వాడొద్దు.

ఎలుక చర్మం పాత అలవాటు. దాని గుండా చాలా పదార్థాలు మనిషి చర్మంలో కన్నా తేలిగ్గా పోతాయి, కాబట్టి అంకె పెద్దదిగా వస్తుంది. సౌందర్య సాధనాలను జంతువుల మీద పరీక్షించడాన్ని మన దేశం 2014లోనే నిషేధించింది. షాంపూ, సబ్బు కోసం ఎలుకను చంపే పని పెట్టుకోనే వద్దు.

ఇక పంది చెవి. మన రెండు జిల్లాల పరిస్థితికి నేను ముందు చెప్పేది ఇదే. పంది చెవి చర్మం మందంలో, వెంట్రుకల కుదుళ్ల అమరికలో, గుండా పోయే తీరులో మనిషి చర్మానికి బాగా దగ్గర. ఆహారం కోసం కోసిన జంతువు నుంచి వస్తుంది కాబట్టి దాని కోసం ప్రత్యేకంగా ఏ ప్రాణినీ చంపక్కర్లేదు. అయినా కాలేజీ కమిటీకి ఒక లెటర్ పెట్టి, అభ్యంతరం లేదని రాతలో తీసుకుని దాచుకోండి.

పంది చెవిలో ఒక్క పెద్ద గండం ఉంది, అది మాకు తగిలింది. ఒక బ్యాచ్ పిల్లలు పొద్దున్నే వెళ్లి తాజా చెవులు తెచ్చారు, కడిగారు, కత్తిరించారు, సెల్స్‌కి బిగించారు. ఒక్క ముక్క కూడా బారియర్ పరీక్ష, అంటే పైపొర చెక్కుచెదరకుండా ఉందో లేదో చూసే పరీక్ష, నెగ్గలేదు. మూడు వారాలు సెల్‌నీ బఫర్‌నీ అనుమానించాం. చివరికి నేనే కోసే చోటికి వెళ్లి చూస్తే తెలిసింది: గడ్డి మంట మీద కాల్చి, బొచ్చు గీకిన తర్వాత చెవులు కోసి ఇస్తున్నారు. సలసల మరిగే నీళ్లు పోసి గీకినా ఇంతే. ఆ వేడికి పైపొర లేచిపోతుంది. కాబట్టి కోసేవాళ్లకు ముందు రోజే చెప్పాలి: కాల్చక ముందే, నీళ్లు పోయక ముందే చెవులు తీసి పెట్టండి అని. తీసుకున్నాక చన్నీళ్లతో కడిగి ఐస్ మీద తీసుకురండి. చెవి బయటి వైపు చర్మాన్ని మృదులాస్థి నుంచి నెమ్మదిగా ఒలిచి, వెంట్రుకలను కత్తెరతో తగ్గించండి, గీకొద్దు. వెంటనే వాడకపోతే మైనస్ 20 డిగ్రీల దగ్గర దాచుకోవచ్చు. కరిగించింది మళ్లీ గడ్డకట్టించకండి.

మనిషి చర్మం గురించి ఎక్కువ వాదన అక్కర్లేదు, ప్రమాణం అదే. పొట్ట తగ్గించే ఆపరేషన్లలో తీసేసిన చర్మాన్ని, దాత రాతపూర్వక అంగీకారంతో, ఎథిక్స్ కమిటీ అనుమతితో తీసుకుంటారు. డెర్మటోమ్ అనే పరికరంతో 200 నుంచి 400 మైక్రాన్ల మందంలో పలచగా కోస్తారు. అలాంటి ఆపరేషన్లు మన జిల్లాల్లో తక్కువ, విశాఖపట్నం, హైదరాబాద్ ఆసుపత్రుల వైపు చూడాల్సిందే. మనిషికీ మనిషికీ చర్మం తేడా కూడా ఎక్కువ. అందుకే యూరప్ సౌందర్య సాధనాల భద్రతా కమిటీ కనీసం నలుగురు దాతల నుంచి ఎనిమిది ముక్కలు అడుగుతుంది. ఒక్క దాత చర్మంతో ఆరు సెల్స్ నడిపి "మానవ చర్మం మీద చేశాం" అని గొప్పగా రాసిన దానికన్నా, నాలుగు పందుల చెవుల మీద జాగ్రత్తగా చేసిన పని నాకు ఎక్కువ నమ్మకంగా ఉంటుంది.

ప్రయోగశాలలో పెంచిన చర్మం పేరు వినగానే అందరికీ ఆశ పుడుతుంది. మంట పరీక్షకు అది అద్భుతం. లోపలికి ఎంత పోతుందో కొలవడానికి మాత్రం దాని గోడ అసలు చర్మం కన్నా బలహీనం, అంకె ఎక్కువ వస్తుంది. పైగా అది బతికున్న కణజాలం, చల్లటి పెట్టెలో వచ్చిన కొద్ది రోజుల్లోనే వాడేయాలి. కొరియర్ రెండు రోజులు ఆలస్యమైతే డబ్బంతా పోయినట్టే. మన ఊళ్లకు ఈ పనికి దీన్ని నేను చెప్పను.

ఏ చర్మం తీసుకున్నా ప్రయోగానికి ముందు ప్రతి ముక్కనూ పరీక్షించండి. చర్మం గుండా ఆవిరయ్యే నీటిని కొలవచ్చు, లేదా విద్యుత్ నిరోధం చూడవచ్చు. మీరు బిగించిన సెల్‌లో కెఫీన్ చర్మం గుండా ఎంత పోతోందో ఒకసారి చూసి, ప్రచురితమైన అంకెలతో పోల్చుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. ప్రయోగం అయ్యాక విద్యుత్ నిరోధం మరోసారి చూడండి. ముందూ వెనకా తేడా ఎంత ఉందో అదే మీ రెండో ప్రశ్నకు సగం జవాబు.

దేంతో కొలవాలి?

చాలా ప్రాజెక్టులు ఇక్కడే మునిగిపోతాయి. ఎస్‌ఎల్‌ఎస్ అణువులో యూవీ కాంతిని పీల్చే భాగం లేదు. ద్రవంలోని పదార్థాలను విడదీసి కొలిచే, మామూలు యూవీ డిటెక్టర్ ఉన్న హెచ్‌పీఎల్‌సీకి అది కనబడదు. బట్టల పొడుల్లో వాడే లీనియర్ ఆల్కైల్ బెంజీన్ సల్ఫొనేట్‌కు బెంజీన్ వలయం ఉంది కాబట్టి అది కనబడుతుంది. ఏ సర్ఫాక్టెంట్ ఎంచుకోవాలన్నది మీ చేతిలో ఉంటే, యూవీ మాత్రమే ఉన్న ల్యాబ్‌కు ఇది మంచి ఎంపిక.

చవకైన దారి మిథిలీన్ బ్లూ పద్ధతి. ఆ నీలిరంగు యానియానిక్ (రుణావేశం ఉన్న) సర్ఫాక్టెంట్‌తో జతకట్టి క్లోరోఫాంలోకి దిగుతుంది, ఆ రంగును కొలుస్తారు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో ఇలాంటి డిటర్జెంట్లకు లీటరుకు 0.2 మిల్లీగ్రాముల హద్దు ఉంది, నీటి పరీక్షల్లో దాన్ని చూసేది ఈ రంగుతోనే. అది చూసి మనకూ సరిపోతుందనుకుంటారు. ఒక లెక్క వేయండి. సెల్‌లో చర్మం వైశాల్యం 1.77 చదరపు సెంటీమీటర్లు. ద్రవాలకు చదరపు సెంటీమీటరుకు 10 మైక్రోలీటర్ల దాకా వేస్తారు. 1 శాతం ఎస్‌ఎల్‌ఎస్ అయితే మొత్తం వేసింది 177 మైక్రోగ్రాములు. అందులో నూటికి ఒకటి దాటిందనుకుంటే, కింద 12 మిల్లీలీటర్లలో ఉన్నది 1.8 మైక్రోగ్రాములు కూడా కాదు. నీటి పరీక్షలోలా ఎక్కువ నీళ్లు తీసుకుని లాగుదామంటే మన దగ్గర ఉన్నదే 12 మిల్లీలీటర్లు. దానికి తోడు చర్మంలోంచి కారే కొవ్వు ఆమ్లాలు, ప్రొటీన్లు ఆ రంగును తప్పుదారి పట్టిస్తాయి. చర్మం పైన మిగిలినదాన్ని, కడిగిన నీళ్లను కొలవడానికి ఈ పద్ధతి ఫరవాలేదు. దాటినదాన్ని కొలవడానికి చాలదు.

ఆ చివరి అంకెకు అణువులను విడదీసి వాటి బరువును బట్టి గుర్తుపట్టే ఎల్‌సీ-ఎంఎస్ కావాలి, లేదా రేడియో కార్బన్ గుర్తు పెట్టిన సర్ఫాక్టెంట్ కావాలి. 1970ల్లోనే రేడియో కార్బన్‌తో చేసిన పనులు యానియానిక్ సర్ఫాక్టెంట్లు చర్మం దాటేది చాలా తక్కువని, పై పొరకు పట్టుకుని ఉండిపోయేదే ఎక్కువని చూపాయి. రేడియో ధార్మిక పదార్థానికి లైసెన్సు, ప్రత్యేక గది కావాలి కాబట్టి కాలేజీ స్థాయిలో ఆ మాట వదిలేయండి. ఎల్‌సీ-ఎంఎస్ అయితే ప్రయత్నిస్తే దొరుకుతుంది. పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో పనిచేసే మీ సీనియర్లను అడగండి, ఎక్కడ శాంపిళ్లు తీసుకుంటారో వాళ్లకు తెలుస్తుంది.

ఈ సందర్భంగా కుంకుడుకాయ మాట. పార్వతీపురం, సీతంపేట ఏజెన్సీ కాయలతో షాంపూ చేసేవాళ్లు "ఇది ప్రకృతి సహజం కదా, లోపలికి పోయినా ఏం కాదు" అంటారు. కుంకుడు రసం కంట్లో పడితే ఎలా ఉంటుందో చిన్నప్పుడు తలంటు పోసుకున్న ప్రతివాళ్లకూ గుర్తే. దాని సాపొనిన్లు కూడా సర్ఫాక్టెంట్లే. వాటి అణుభారం చాలావరకు 800 దాటుతుంది. 500 డాల్టన్లు దాటిన అణువులు మంచి చర్మం గుండా పోవడం కష్టమన్నది ఈ రంగంలో 2000 నుంచి వాడుకలో ఉన్న లెక్క. ఎస్‌ఎల్‌ఎస్ అణుభారం 288. కాబట్టి కుంకుడు దాటే అవకాశం తక్కువే, కారణం మాత్రం అణువు సైజు, "సహజం" అన్న మాట కాదు. సాపొనిన్లను వెనిలిన్-సల్ఫ్యూరిక్ ఆమ్లం రంగుతో కొలిస్తే చర్మంలోని కొలెస్టరాల్ కూడా రంగునిస్తుంది. కుంకుడు వేయకుండా ఉత్త చర్మంతో ఒక సెల్ తప్పకుండా నడపండి.

సెల్, మోతాదు, సమయం

థామస్ ఫ్రాంజ్ 1975లో ప్రచురించిన నిలువు సెల్ మీకు చాలు. కింద ద్రవం నిరంతరం ప్రవహించే ఫ్లో-త్రూ సెల్ 1980ల నుంచి ఉంది, పంపులూ శాంపిల్ కలెక్టరూ కావాలి, విద్యార్థి ప్రాజెక్టుకు ఆ ఖర్చు అనవసరం. చర్మం ఉపరితలం 32 డిగ్రీల దగ్గర, ఒక డిగ్రీ అటూఇటూగా ఉండాలి. గాలిలో తేమ 30 నుంచి 70 శాతం మధ్య ఉంటే మంచిదని ఈ పరీక్షకు ఉన్న ఓఈసీడీ 428 పద్ధతి చెబుతుంది. మన తీరంలో వానాకాలం తేమ ఆ హద్దులో ఉండదు, ఏసీ ఉన్న గది చూసుకోండి, కరెంటు పోతే ఆదుకునే ఏర్పాటు కూడా.

మోతాదు దగ్గర ఒకటే చెబుతాను: జనం వాడేలా వేయండి. గిన్నెల లిక్విడ్‌ను ఎవరూ 24 గంటలు చేతికి రాసుకుని ఉంచుకోరు. నీళ్లలో కలిపిన బలంతో పది నిమిషాలో అరగంటో ఉంచి, కడిగేసి, ఆ తర్వాత 24 గంటల దాకా కింద శాంపిల్ తీస్తూ ఉండండి. ఎస్‌ఎల్‌ఎస్ నీళ్లలో లీటరుకు 2.3 గ్రాములు దాటితే అణువులు గుంపులు కట్టి మైసెల్స్ అవుతాయి. ఆ హద్దుకు కింద ఒకటి, పైన ఒకటి పెట్టి చూస్తే ప్రాజెక్టుకు బలం వస్తుంది. కడగడానికి మామూలుగా సబ్బునీళ్లు వాడమంటారు, ఇక్కడ మాత్రం వద్దు, మీరు కొలిచేదే సబ్బు. ఉత్త గోరువెచ్చని నీళ్లతో కడిగి, ఆ నీళ్లనూ దాచి కొలవండి.

చివర్లో అన్నీ కలపాలి: కడిగిన నీళ్లు, దూది, టేపుతో ఒలిచిన పై పొర, మిగతా చర్మం, కింది ద్రవం. మొత్తం వేసినదానిలో 90 నుంచి 110 శాతం మధ్య లెక్క తేలాలి. అరవై శాతమే దొరికితే మిగతా నలభై ఎక్కడుందో చెప్పలేరు, అప్పుడు "లోపలికి పోలేదు" అనే మాటకు విలువ లేదు.

బయట చేయిస్తే

లేబుల్ మీద వేసుకోవడానికో, ఎగుమతికో అయితే కాలేజీలో చేసిన పని సరిపోదు, ప్రయోగశాల మంచి పద్ధతులు పాటిస్తోందని తేల్చే జీఎల్‌పీ గుర్తింపు ఉన్న ల్యాబ్ కావాలి. మన దేశపు జీఎల్‌పీ గుర్తింపును ఓఈసీడీ దేశాలు 2011 నుంచి పూర్తిగా ఒప్పుకుంటున్నాయి. ల్యాబ్‌కు ఫోన్ చేసినప్పుడు రేటు కన్నా ముందు మూడు అడగండి: చర్మం ఎంతమంది దాతలది, ముందు బారియర్ ఎలా చూస్తారు, లెక్క తేలకపోతే ఆ సెల్‌ను ఏం చేస్తారు. మూడోదానికి నసిగితే ఇంకో ల్యాబ్ చూసుకోండి.

ఎం.ఫార్మసీ ప్రాజెక్టుకు నా ఎంపిక పంది చెవి, నిలువు సెల్, బయట ఎల్‌సీ-ఎంఎస్. అంత డబ్బు లేకపోతే సర్ఫాక్టెంట్‌ను కొలవడం మానేసి రెండో ప్రశ్న పట్టుకోండి. ఒక చర్మం ముక్కను మీ లిక్విడ్‌తో, ఇంకోదాన్ని నీళ్లతో తడిపి, రెండింటి మీదా కెఫీన్ వేసి, దాటిన కెఫీన్‌ను కాలేజీ యూవీతోనే కొలవచ్చు. ఉత్త చర్మం సెల్ ఇక్కడా ఉండాలి. అది నిజాయితీ ఉన్న పని, మంచి పని. సబ్బు చేసే చిన్న సంఘానికైతే ఈ పరీక్షే వద్దంటాను. ఎస్‌ఎల్‌ఎస్ తగ్గించి బీటైన్ కలిపితే విడిగా తిరిగే అణువులు తగ్గి మంట తగ్గుతుంది. డబ్బు అటు పెట్టండి.

ఇంకొక్కటి. ఈ పరీక్షలన్నీ చెక్కుచెదరని చర్మం మీద చేసేవే. పలాసలో జీడిగింజల పెంకు నూనె తగిలి చేతులు కాలినవాళ్లకు, వేళ్లు పగిలిన నరసన్నపేట ఆవిడకు ఆ అంకెలు వర్తించవు, పగిలిన చోట గోడే లేదు. అందుకే ఆవిడకు అంకె ఏదీ చెప్పలేదు. చిక్కటి లిక్విడ్ కలిపేటప్పుడు మోచేతి దాకా గ్లౌజులు వేసుకోమని, చేతులు మానేదాకా ఆ పని వేరేవాళ్లకు ఇమ్మని, చర్మం డాక్టరుకు చూపించుకోమని చెప్పాం. మావాడు ఇప్పుడు కెఫీన్ పద్ధతితో వాళ్ల లిక్విడ్‌నే పరీక్షిస్తున్నాడు. కాల్చని చెవుల కోసం వారానికి రెండు రోజులు తెల్లవారకముందే బయల్దేరి వెళ్తున్నాడు.